ఫోన్‌లో వచ్చే పశువైద్య సలహా: దాని ఖర్చు ఎవరు పెడుతున్నారో చూసుకోండి



గేదె మేత మానేసినా, ఆవు పొదుగు గట్టిపడినా ఇప్పుడు చాలామంది ముందు ఫోన్ తీస్తున్నారు. వీడియో చూస్తారు, వాట్సాప్ గ్రూపులో అడుగుతారు, ఏదో ఒక వెబ్‌సైట్లో చదువుతారు. ఇందులో తప్పు లేదు. పశువైద్య కేంద్రం దూరంగా ఉన్న ఊళ్లకు ఇది మంచి సౌకర్యమే. అయితే ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. సమాచారం మనకు ఉచితంగా వస్తుంది కానీ దాన్ని తయారుచేయడం ఉచితం కాదు. రాసేవారికి జీతం ఇవ్వాలి, వీడియో తీయాలి, వెబ్‌సైట్ నడపాలి. ఆ ఖర్చు ఎవరో ఒకరు భరిస్తున్నారు. వారెవరో తెలిస్తే, ఆ సలహాలో దేన్ని వెంటనే తీసుకోవచ్చో, దేన్ని డాక్టరుగారిని అడిగి తీసుకోవాలో మీకే అర్థమవుతుంది.

ఈ వ్యాసంలో పశువైద్య సమాచారం వెనుక ఉండే నిధులు ఎన్ని రకాలు, ఏ రకంలో ఏ లోపం రావచ్చు, మీరు ఎలా పరిశీలించాలి అన్నది వివరిస్తున్నాం.

ఎందుకు తెలుసుకోవాలి?

రెండు గేదెలున్న రైతుకు ఒక తప్పు సలహా చాలా ఖరీదు. అవసరం లేని టానిక్ కొంటే నెల పాలబిల్లులో కొంత పోతుంది. అవసరమైన ఇంజెక్షన్ ఆలస్యమైతే పశువే పోతుంది. యాంటీబయాటిక్ వాడి, గడువు చూడకుండా పాలు పోస్తే ఆ మందు పాలు తాగే పిల్లల ఒంట్లోకి వెళుతుంది. సలహా ఇచ్చినవారికి ఈ నష్టంలో వాటా ఉండదు. నష్టం మీది.

డబ్బు పెట్టినవారు చెప్పేదంతా అబద్ధమని దీని అర్థం కాదు. సాధారణంగా జరిగేది వేరు. చెప్పినదాంట్లో తప్పు ఉండదు, చెప్పకుండా వదిలేసినదాంట్లో ఉంటుంది. నట్టల మందు అమ్మే సంస్థ నట్టల గురించి చక్కగా వివరిస్తుంది. కానీ పేడ పరీక్ష చేయించి, అవసరమైతేనే మందు వేయండి అన్న మాట ఆ వీడియోలో కనిపించకపోవచ్చు.

ఖర్చు పెట్టేవారు ఎన్ని రకాలు?

1. ప్రభుత్వ నిధులు. పశుసంవర్ధక శాఖ, భారత వ్యవసాయ పరిశోధన మండలి, కృషి విజ్ఞాన కేంద్రాలు, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ప్రధానంగా ఈ కోవలోకి వస్తాయి. తెలుగులో పశుపోషణ సమాచారం ఇస్తున్న వికాస్‌పీడియాను హైదరాబాద్‌లోని సీడాక్ సంస్థ రూపొందించింది. దానికి నిధులు కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖవి. అంటే ఇది మనం కట్టే పన్నుల డబ్బే.

2. సహకార రంగం నిధులు. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1965లో ఏర్పడింది. 1987లో పార్లమెంటు చట్టం ద్వారా దానికి చట్టబద్ధ హోదా వచ్చింది. మేత, దాణా, పశు ఆరోగ్యం గురించి తెలుగుతో సహా పలు భాషల్లో సమాచారం ఇస్తోంది. 2020 సెప్టెంబరులో ప్రారంభించిన ఈ-గోపాల యాప్ వెనుక ఉన్నది కూడా ఈ సంస్థే.

3. మందులు, దాణా, ఎరువుల కంపెనీల నిధులు. కంపెనీ సొంత పేరుతో నడిపేవి కొన్ని. వేరే పేరుతో నడిపేవి కొన్ని. ఉదాహరణకు ఐకిసాన్ అనే రైతు సమాచార వెబ్‌సైట్‌ను ఎరువుల రంగంలో ఉన్న నాగార్జున గ్రూపు నెలకొల్పింది. ఇందులో రహస్యమేమీ లేదు. అయితే పేరు మాత్రమే చూసిన రైతుకు దాని వెనుక ఏ సంస్థ ఉందో తెలియదు. అందుకే పేరు చూసి ఆగిపోకూడదు.

4. సామాజిక బాధ్యత నిధులు. 2013 కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల రూపాయల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. గ్రామాల్లో పశువైద్య శిబిరాలు, ఫోన్ సలహా కేంద్రాలు కొన్ని ఈ డబ్బుతోనే నడుస్తాయి. ఇక్కడ చూడవలసింది ఒక్కటే. డబ్బు పెట్టిన కంపెనీ పశువుల మందులో, దాణాయో అమ్ముతుందా? అమ్మకపోతే ఒక పక్షానికి మొగ్గే అవకాశం తక్కువ. అమ్మితే కంపెనీ సమాచారంగానే భావించి పరిశీలించాలి.

5. విరాళాలు, స్వచ్ఛంద సంస్థల నిధులు. వీటికి అమ్ముకునే సరుకు ఉండదు కానీ ఒక ఆశయం ఉంటుంది. జంతు సంక్షేమం కావచ్చు, సేంద్రియ పద్ధతి కావచ్చు, దేశీ జాతుల రక్షణ కావచ్చు. ఆ ఆశయం మంచిదే అయినా, మీ పశువుకు ఈ రోజు కావలసిన వైద్యం దానికి సరిపోకపోవచ్చు.

6. ప్రకటనలు, కమీషన్లు. వీడియోలు చేసేవారికి చూసినవారి సంఖ్యను బట్టి ప్రకటనల డబ్బు వస్తుంది. కొందరికి కంపెనీ నేరుగా చెల్లిస్తుంది. ఇంకొందరికి వీడియో కింద ఇచ్చిన లింకు ద్వారా ఎవరైనా కొంటే కమీషన్ ముడుతుంది. ‘పది రోజుల్లో పాలు రెట్టింపు’ వంటి శీర్షికలు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. మామూలు మాటలకు జనం రారు, పెద్ద మాటలకు వస్తారు.

పేరున్న రెండు ఉదాహరణలు

ప్రపంచమంతా పశువైద్యులు చూసే ఒక పుస్తకం ఉంది. అమెరికాకు చెందిన మెర్క్ కంపెనీ 1955లో ‘మెర్క్ వెటర్నరీ మాన్యువల్’ పేరుతో దాన్ని మొదట ప్రచురించింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అమెరికా, కెనడా బయట దీన్ని ఎంఎస్‌డి వెటర్నరీ మాన్యువల్ అంటారు. ఆ కంపెనీయే పశువుల టీకాలు, మందులు తయారుచేసి మన దేశంలో కూడా అమ్ముతోంది. అయినా ఈ పుస్తకానికి గౌరవం ఉంది. ఎందుకు? ఖర్చు ఎవరిదో పేరులోనే ఉంది. రాసినవారు చాలావరకు విశ్వవిద్యాలయాల్లోని నిపుణులు, వారి పేర్లు కనిపిస్తాయి. మందులను ఎక్కువగా కంపెనీ బ్రాండు పేరుతో కాకుండా అసలు పేరుతో చెబుతారు. కంపెనీ డబ్బుతో కూడా మంచి సమాచారం రావచ్చని చెప్పడానికి ఇది సరైన ఉదాహరణ.

అయితే దీన్ని కూడా మన పరిస్థితికి సరిచూసుకోవాలి. అక్కడ పశువైద్యంలో అనుమతి ఉన్న కీటోప్రొఫెన్ అనే నొప్పుల మందును మన దేశంలో పశువులకు వాడకుండా 2023లో నిషేధించారు. పుస్తకం తప్పు రాయలేదు, అక్కడి చట్టం వేరు, ఇక్కడి చట్టం వేరు. విదేశీ సమాచారం చదివే యువ రైతులు ఇది గమనించాలి.

రెండో ఉదాహరణ బ్రిటన్‌లోని వికీవెట్. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ, కేంబ్రిడ్జి, ఎడిన్‌బరా పశువైద్య కళాశాలలు కలిసి విద్యార్థుల కోసం దీన్ని మొదలుపెట్టాయి. ఆరంభంలో అక్కడి ఉన్నత విద్యా సంస్థల నిధులు అందాయి. ఇటువంటి ప్రాజెక్టులన్నింటికీ ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. గ్రాంటు కొన్నేళ్లే ఉంటుంది, పాఠాలను మాత్రం ఏటా సరిదిద్దుతూ ఉండాలి. గ్రాంటు ఆగిపోయాక దాతలనో, స్పాన్సర్లనో వెతుక్కోవాలి, లేకపోతే పాత సమాచారమే అలా ఉండిపోతుంది. మన దగ్గర కూడా ప్రాజెక్టు కింద మొదలై, ప్రాజెక్టు ముగియగానే ఆగిపోయిన యాప్‌లు, వెబ్‌సైట్లు ఉన్నాయి. అందుకే ఎవరు ఖర్చు పెట్టారన్నది ఎంత ముఖ్యమో, ఇంకా పెడుతున్నారా అన్నది కూడా అంతే ముఖ్యం.

అమ్మకం లేని చోట పరిశోధన ఎవరు చేస్తారు?

డైక్లోఫెనాక్ సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. నొప్పికి, జ్వరానికి పశువులకు విరివిగా వాడిన చౌక ఇంజెక్షన్ అది. ఆ మందు పడిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయేవి. రాబందులు లక్షల సంఖ్యలో తగ్గిపోయాక కూడా చాలాకాలం కారణం తెలియలేదు. పాకిస్తాన్‌లోని పంజాబ్ ప్రాంతంలో పెరెగ్రిన్ ఫండ్ అనే పక్షి సంరక్షణ సంస్థ చేపట్టిన పరిశోధనలో కారణం బయటపడింది. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 2006లో మన దేశంలో పశువులకు డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. రాబందులకు హాని చేయని మందుగా మెలోక్సికామ్‌ను శాస్త్రవేత్తలు గుర్తించారు. 2023లో కీటోప్రొఫెన్‌తో పాటు ఎసిక్లోఫెనాక్‌ను కూడా నిషేధించారు. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట రాబందుల నివాసంగా పేరు పొందింది. ఆ చుట్టుపక్కల పశువులు పెంచేవారికి ఇది నేరుగా సంబంధించిన విషయం.

ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నామంటే, ఆ మందు అమ్మేవారికి ఈ ప్రశ్న వేయవలసిన అవసరం లేదు. దానికి జవాబు వెతకడానికి అమ్మకంతో పని లేని డబ్బు కావాలి.

పొదుగువాపుకు కలబంద పూత కూడా ఇటువంటిదే. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి మెత్తగా రుబ్బి, పాలు పూర్తిగా పిండేసిన తర్వాత శుభ్రంగా కడిగిన పొదుగుకు నీళ్లతో పలుచన చేసి రోజుకు పలుమార్లు పూయాలని, కనీసం 5 రోజులు కొనసాగించాలని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తోంది. పెరట్లో దొరికేదానికి ఏ కంపెనీ వీడియో తీయదు. సహకార డబ్బు ఉంది కాబట్టి ఆ విషయం మన దాకా వచ్చింది. అయితే పశువుకు జ్వరం ఉన్నా, మేత మానేసినా, పాలలో రక్తం గానీ చీము గానీ కనిపించినా పూతతో సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుగారికి చూపించాలి.

కంపెనీ సమాచారంలో ఏది తీసుకోవచ్చు?

కంపెనీ కరపత్రాన్ని చించి పారేయనక్కర లేదు. అందులో కొన్ని విషయాలు వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియవు.

నమ్మి వాడుకోదగినవి:
- మందును, టీకాను ఎంత చల్లదనంలో నిల్వ చేయాలి
- సీసా తెరిచాక ఎంతకాలం పనికొస్తుంది
- చర్మం కింద ఇవ్వాలా, కండకు ఇవ్వాలా
- చూడి పశువులకు ఇవ్వవచ్చా, లేదా
- మందు వాడాక పాలు, మాంసం ఎన్ని రోజులు వాడకూడదు

డాక్టరుగారిని అడిగి నిర్ణయించుకోవలసినవి:
- అసలు మీ పశువుకు ఆ మందు అవసరమా
- ఎన్ని రోజులకొకసారి వేయాలి
- ఇతర మందులకంటే ఇదే మేలన్న మాట
- పాల దిగుబడి ఇంత పెరుగుతుందన్న మాట
- మామూలు మేత, దాణాకు బదులు ఇది చాలన్న మాట

మందు లేబుల్ గురించి ఒక నియమం గుర్తుంచుకోండి. ఆహారంగా వాడే పశువులకు ఇచ్చే మందుల లేబుల్ మీద, మందు ఆపిన తర్వాత ఎన్ని రోజులు పాలు, గుడ్లు, మాంసం వాడకూడదో రాయాలి. ఆ మందుకు ప్రత్యేకంగా గడువు నిర్ణయించి లేకపోతే, పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు అని మన ఔషధ నియమాలు చెబుతున్నాయి. వీడియోలో ‘వెంటనే పాలు పోసుకోవచ్చు’ అని ఎవరు చెప్పినా లేబుల్ చూడండి. అలాగే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారానికి వాడే పశువులు, కోళ్లు, చేపల పెంపకంలోనూ, దాణాలోనూ వాడకుండా 2019 జులైలో నిషేధించారు. నిషేధానికి ముందు తయారైన సమాచారం ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూ ఉండవచ్చు. కాబట్టి తేదీ లేని సలహాను పక్కన పెట్టండి.

ఒక చిన్న లెక్క

పాలు పెంచే టానిక్ లీటరు 600 రూపాయలు అనుకుందాం. రోజుకు 100 మిల్లీలీటర్లు పట్టిస్తే సీసా 10 రోజులు వస్తుంది. అంటే రోజుకు 60 రూపాయలు. మీకు లీటరు పాలకు 40 రూపాయలు వస్తుంటే, ఆ గేదె రోజుకు లీటరున్నర పాలు అదనంగా ఇస్తేనే టానిక్ ఖర్చు తిరిగి వస్తుంది. లాభం అక్కడి నుంచి మొదలవ్వాలి.

ఖనిజ లవణ మిశ్రమం కిలో 120 రూపాయలు అనుకుంటే, పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాముల చొప్పున కిలో 20 రోజులు వస్తుంది. రోజుకు 6 రూపాయలు. మీ ప్రాంతపు ధరలు వేసుకుని ఈ లెక్క మీరే చేయండి.

ఇంకో విషయం. ఈనిన తర్వాత మొదటి కొన్ని వారాలు పశువు పాలు సహజంగానే పెరుగుతూ పోతాయి. సుమారు 6 నుంచి 8 వారాలకు గరిష్ఠ స్థాయికి చేరతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే టానిక్ మొదలుపెట్టమని చెబుతారు. పాలు పెరుగుతాయి, పేరు టానిక్‌కు వస్తుంది. వీడియోలో రైతు అబద్ధం చెప్పడం లేదు, ఆయనకు నిజంగానే పాలు పెరిగాయి. కానీ టానిక్ లేకపోయినా పెరిగేవేమో అన్న ప్రశ్న అక్కడ ఎవరూ అడగరు. నిజం తెలుసుకోవాలంటే ఒకేసారి ఈనిన రెండు మూడు పశువులను పోల్చాలి. లేదా పాలు నిలకడగా ఉన్న రోజుల్లో వాడకముందు వారం, వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత వారం పాలు కొలిచి రాసుకోవాలి. మేత, దాణా మాత్రం మార్చకూడదు.

ప్రభుత్వ సమాచారంలో లోపాలు లేవా?

ఉన్నాయి. మూడు ముఖ్యమైనవి చెబుతాను.

మొదటిది ఆలస్యం. పాత కరపత్రాన్నే తిరిగి ముద్రించడం, వెబ్‌సైట్లో రద్దయిన పథకం వివరాలు అలాగే ఉండడం జరుగుతుంది. రెండోది, పథకం బాగా జరిగిందన్నది ఎక్కువ చెప్పి, అందని చోట్ల గురించి తక్కువ చెప్పడం. మూడోది, పరిశోధన నిధుల మిశ్రమం. విశ్వవిద్యాలయాలు కూడా కొన్ని ప్రయోగాలను కంపెనీల నిధులతో చేస్తాయి. ఇది తప్పు కాదు, అయితే నివేదికలో ఆ మాట రాసి ఉండాలి.

ప్రభుత్వ, సహకార, ప్రైవేటు రంగాల మధ్య గోడలు కూడా మనం అనుకున్నంత గట్టివి కావు. గాలికుంటు టీకాలు తయారుచేసే హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థకు చెందినదే. ముద్దచర్మ వ్యాధికి లంపీ ప్రోవ్యాక్ ఇండ్ టీకాను హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ కలిసి ప్రభుత్వ నిధులతో రూపొందించాయి. 2022 ఆగస్టులో దాన్ని ప్రకటించారు. పెద్ద ఎత్తున తయారీకి మాత్రం కంపెనీలు కావాలి. కాబట్టి ‘ప్రభుత్వం అంటే మంచి, కంపెనీ అంటే చెడు’ అని రెండు ముక్కల్లో తేల్చకండి. ఎవరు చెప్పినా అడగవలసిన ప్రశ్నలు అడగండి.

ప్రభుత్వ ఖర్చుతో ఉచితంగా వచ్చే సేవలను మాత్రం వదులుకోవద్దు. గాలికుంటు, బ్రూసెల్లోసిస్ నివారణకు జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమాన్ని 2019 సెప్టెంబరు 11న మథురలో ప్రారంభించారు. అయిదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు కేటాయించారు. ఖర్చు పూర్తిగా కేంద్రానిదే. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి, బ్రూసెల్లోసిస్ టీకా 4 నుంచి 8 నెలల వయసు ఆడ దూడలకు జీవితంలో ఒక్కసారి వేస్తారు. ఊరికి టీకా బృందం వచ్చిన రోజు పశువులను ఇంటి దగ్గరే కట్టేయండి. ఆ తర్వాత అదే టీకాను డబ్బు పెట్టి వేయించుకోవలసిన పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఊళ్లో జరిగే ఉచిత సమావేశాలు

ఫోన్‌లో జరిగేదే ఊళ్లో కూడా జరుగుతుంది. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన మండలంలో ఒక కంపెనీ పశుపోషణ అవగాహన సదస్సు పెట్టింది. షామియానా, భోజనాలు అన్నీ బాగానే ఏర్పాటు చేశారు. చూడి పశువుల పోషణ గురించి మొదటి అరగంట చెప్పిన విషయాలు నిజంగా పనికొచ్చేవి. చివరి పది నిమిషాల్లో ‘ఇప్పుడు చెప్పినవన్నీ ఈ ఒక్క డబ్బాలో ఉన్నాయి’ అన్నారు. వెళ్లేటప్పుడు చాలామంది చేతిలో ఆ డబ్బా ఉంది. పచ్చిమేత ఎంత వేయాలో, చూడి చివరి రెండు నెలల్లో పాలు ఎండగట్టాలని చెప్పిన సంగతి వారం తర్వాత అడిగితే కొద్దిమందికే గుర్తుంది.

అలాంటి సమావేశాలకు వెళ్లండి. విషయాలు రాసుకోండి. కొనడం మాత్రం ఆ రోజు వద్దు. రెండు రోజులు ఆగి, పశువైద్యాధికారిని అడిగి, అవసరమైతే అప్పుడు కొనండి.

ఏ సలహా వచ్చినా ఈ ఏడు ప్రశ్నలు వేసుకోండి

1. చెప్పినవారెవరు? పేరు, చదువు, పనిచేసే చోటు కనిపిస్తున్నాయా? పశువైద్యులు కావడానికి బి.వి.ఎస్సీ. చదివి, వెటర్నరీ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. తెల్లకోటు వేసుకున్నవారంతా డాక్టర్లు కారు.

2. ఖర్చు ఎవరిది? వెబ్‌సైట్లో ‘మా గురించి’ అన్న పేజీ చూడండి. వీడియో మొదట్లో గానీ కింద గానీ ‘పెయిడ్ ప్రమోషన్’, ‘స్పాన్సర్డ్’, ‘యాడ్’ అన్న మాటలున్నాయా చూడండి. డబ్బు గానీ బహుమతి గానీ తీసుకుని ప్రచారం చేస్తే ఆ విషయం చెప్పాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది.

3. మందు అసలు పేరు చెప్పారా, బ్రాండు పేరు మాత్రమే చెప్పారా? అసలు పేరు తెలిస్తే అదే మందు తక్కువ ధరకు దొరుకుతుందేమో అడగవచ్చు.

4. తేదీ ఉందా? ఎప్పటి సలహా? ఆ మందుకు ఇప్పుడు అనుమతి ఉందా?

5. ఎప్పుడు వాడకూడదో చెప్పారా? ప్రతి మందుకూ వాడకూడని పరిస్థితి ఉంటుంది. అది చెప్పని సలహా సగం సలహా.

6. ఖర్చు లేని పద్ధతి ఏదైనా చెప్పారా? పాకను పొడిగా ఉంచడం, పాలు పితికిన తర్వాత చన్నులను మందు నీటిలో ముంచడం, సమయానికి నీళ్లు పెట్టడం వంటివి ఒక్కటైనా లేకుండా నేరుగా సీసా చూపిస్తే జాగ్రత్తపడండి.

7. ఇదే మాట ఖర్చు పెట్టేవారు వేరే అయిన ఇంకో చోట కూడా ఉందా? కంపెనీ చెప్పినదాన్ని విశ్వవిద్యాలయం కూడా చెబితే నమ్మకం పెరుగుతుంది. ఒకే సంస్థ నడిపే మూడు ఛానళ్లలో అదే మాట విన్నా అది ఒక్క సాక్ష్యమే.

ఈ ఏడు ప్రశ్నలను ఈ వ్యాసానికి కూడా వేయండి. మేము చెప్పినదాన్ని మీ పశువైద్యాధికారితో సరిచూసుకున్నాకే ఆచరించండి.

ఫోన్ పక్కన పెట్టవలసిన సమయాలు

కింది లక్షణాలు కనిపిస్తే వీడియో వెతుకుతూ కూర్చోకుండా వెంటనే డాక్టరుగారిని పిలవండి:

- ఎడమ డొక్క ఉబ్బి, పశువు ఊపిరాడక ఇబ్బంది పడుతున్నప్పుడు
- ఈనే నొప్పులు మొదలై, ఉమ్మనీటి సంచి పగిలినా దూడ బయటకు రానప్పుడు
- ఈనిన ఒకటి రెండు రోజుల్లో పశువు లేవలేక, మెడ పక్కకు తిప్పి పడుకున్నప్పుడు. ఇది పాలజ్వరం కావచ్చు. నరానికి కాల్షియం ఎక్కించడం డాక్టరు చేయవలసిన పని. వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది.
- గొంతు వాచి, తీవ్రమైన జ్వరంతో గురక వస్తున్నప్పుడు
- పశువు హఠాత్తుగా చనిపోయి ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి రక్తం కారుతున్నప్పుడు. ఇది దొమ్మ వ్యాధి కావచ్చు, మనుషులకూ సోకుతుంది. కళేబరాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు.

ఎక్కడ అడగాలి?

- సంచార పశువైద్య సేవలకు ఉచిత ఫోన్ నంబరు 1962
- కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551. ఇది 2004 జనవరిలో మొదలైంది. తెలుగులో మాట్లాడవచ్చు. ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు పనిచేస్తుంది.
- మీ మండల పశువైద్యాధికారి, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రం
- తప్పుడు ప్రకటన నమ్మి సరుకు కొని మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బిల్లు, ఖాళీ సీసా, ప్రకటన ఫొటో దాచిపెట్టుకోండి. బిల్లు లేకుండా మందు కొనవద్దు.

కాల్ చేసేటప్పుడు పశువు వయసు, ఎన్నో ఈత, ఈని ఎన్ని రోజులైంది, మేత తింటోందా, పేడ ఎలా ఉంది, ఇప్పటివరకు ఏ మందు వేశారు అన్న వివరాలు దగ్గర పెట్టుకోండి. చెవిపోగు మీది 12 అంకెల నంబరు కూడా చెప్పండి. వీడియో చూసి ఏదైనా మందు వేసి ఉంటే దాచకండి. డాక్టరుగారు వేసే మందు దానితో కలిసి హాని చేయవచ్చు.

ముఖ్యాంశాలు

- ఉచిత సలహాకు కూడా ఖర్చు పెట్టినవారు ఉంటారు. వారెవరో ముందు చూడండి.
- కంపెనీ సమాచారంలో నిల్వ, వాడే విధానం తీసుకోండి. అవసరమా కాదా అన్నది డాక్టరుగారిని అడగండి.
- తేదీ, పేరు లేని సలహా పాటించవద్దు.
- మందు వాడాక పాలు, మాంసం గడువు లేబుల్ మీద చూడండి.
- కొనేముందు రోజుకు ఎంత ఖర్చు, దానికి ఎన్ని పాలు అదనంగా రావాలి అన్న లెక్క వేయండి.
- ప్రమాద లక్షణాలు కనిపిస్తే ముందు 1962కు ఫోన్ చేయండి, వీడియోలు తర్వాత చూసుకోవచ్చు.